మా సిమ్ లీగ్‌లో ఫ్రీ ఏజెంట్ బిడ్డింగ్: ఎంత రాయాలి, ఎక్కడ ఆగాలి

కంప్యూటర్‌లో బేస్‌బాల్ టీమ్‌లు నడిపే ఒక ఆన్‌లైన్ లీగ్‌లో నాకూ ఒక టీమ్ ఉంది, ఏ టీమ్‌తోనూ కాంట్రాక్ట్ లేని ఆటగాళ్ల కోసం, అంటే ఫ్రీ ఏజెంట్ల కోసం, అందులో వేలం ఉంటుంది. పోయిన జూలైలో, అంటే మా లీగ్ క్యాలెండర్‌లో డిసెంబర్ అన్నమాట, నేను అలాంటి ఒక ఎడమచేతి పిచ్చర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, 5 ఏళ్లకి ఏడాదికి 24 మిలియన్ డాలర్లు ఆఫర్ రాశాను. నాకే వచ్చాడు. ఫైల్ వచ్చిన రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే ఆ పేరు నా టీమ్ లిస్టులో ఉంది, ఒక అరగంట పాటు ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. తర్వాత లీగ్‌ని నడిపే మా కమిషనర్ రౌండ్ అయిపోగానే ఎప్పుడూ చేసేటట్టే అందరి బిడ్లూ బయటపెట్టాడు. నా బిడ్ తర్వాత రెండో స్థానంలో ఉన్నవాడి బిడ్ 4 ఏళ్లకి ఏడాదికి 16. అంతే. ఇంకెవరూ దరిదాపుల్లో లేరు. అంటే 17 రాసినా నాకే వచ్చేవాడు, నా పాట మీద నేనే పాట పెంచుకుంటూ పోయానన్నమాట, ఏడాదికి 7 మిలియన్లు ఊరికే పోయాయి. మా లీగ్‌లో టీమ్ మొత్తం జీతాలు 130 మిలియన్లు దాటకూడదు, కాబట్టి ఆ 7 మిలియన్లు అంటే సెకండ్ బేస్ దగ్గర ఆడే ఒక మంచి ఫీల్డర్, లేకపోతే మ్యాచ్ మధ్యలో దిగే ఇద్దరు పిచ్చర్లు. ఆ మర్నాడంతా ఆఫీసులో కూడా నాకు అదే ఆలోచన.

అప్పట్నుంచీ ఈ బిడ్డింగ్ అసలు ఎలా పనిచేస్తుందో కూర్చుని తీరిగ్గా ఆలోచించాను, పాత రౌండ్ల లెక్కలన్నీ తీసి చూశాను, అదంతా ఇక్కడ రాస్తున్నా. బేస్‌బాల్ తెలియనివాళ్లు కూడా చదవొచ్చు, ఆట రూల్స్ కన్నా వేలం సంగతే ఎక్కువ ఉంటుంది.

మేం ఆడేది అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్, అందరూ ఓఓటీపీ అంటారు. జర్మనీలో ఉండే మార్కస్ హైన్‌సోన్ అనే ఆయన మొదలుపెట్టిన గేమ్, మొదటి వెర్షన్ 1999లో వచ్చింది. ఇందులో మనం బ్యాట్ పట్టుకుని కొట్టేది ఏమీ ఉండదు, మనం జనరల్ మేనేజర్, అంటే జీఎం. టీమ్ కట్టడం, జీతాలు ఇవ్వడం, ట్రేడ్లు చేయడం, కుర్రాళ్లని పెంచడం, అదే ఆట. ఒక్కడే కంప్యూటర్‌తో ఆడుకోవచ్చు కానీ ఆన్‌లైన్ లీగ్‌లో ఆడితే అది పూర్తిగా వేరే ప్రపంచం, ఎందుకంటే ప్రతి టీమ్ వెనకా ఒక మనిషి ఉంటాడు. కమిషనర్ లీగ్ ఫైల్ పెడతాడు, మనం దించుకుని మన నిర్ణయాలన్నీ చేసి ఎక్స్‌పోర్ట్ పంపిస్తాం, ఆయన అందరివీ కలిపి ఆటని కొన్ని రోజులు ముందుకి నడుపుతాడు, దాన్నే సిమ్ అంటాం. మాకు వారానికి మూడు సిమ్‌లు. నేను డాలస్ వచ్చిన కొత్తలో, 2012లో, ఆఫీసులో ఒకాయన ఇక్కడి బేస్‌బాల్ టీమ్ రేంజర్స్ మ్యాచ్‌కి ఆర్లింగ్టన్ తీసుకెళ్లాడు, ఆ రోజు పిచ్చింగ్ చేసింది యూ దార్విష్, అప్పటికి క్రికెట్ తప్ప ఏమీ తెలియని నాకు ఆ బంతి తిరగడం చూసి మతిపోయింది. ఆ తర్వాత ఆయనే నన్ను ఈ లీగ్‌లోకి లాగాడు. దార్విష్ పేరు ఊరికే చెప్పలేదు, మళ్లీ వస్తాడు.

ముందు ఫ్రీ ఏజెంట్ అంటే ఎవరో చెప్పాలి. అమెరికా పెద్ద బేస్‌బాల్ లీగ్ ఎంఎల్‌బీలో ఆటగాడు 6 ఏళ్ల సర్వీస్ పూర్తి చేస్తేనే తన కాంట్రాక్ట్ అయిపోయాక ఎవరికైనా ఆడుకునే స్వేచ్ఛ వస్తుంది, 172 రోజులు టీమ్ జాబితాలో ఉంటే ఒక ఏడాది కింద లెక్క. గేమ్‌లో కూడా ఇదే రూల్ పెట్టుకోవచ్చు, మేం అదే పెట్టుకున్నాం. ఒకప్పుడు ఆ స్వేచ్ఛ కూడా లేదు. రిజర్వ్ క్లాజ్ అని ఒకటి ఉండేది, టీమ్ వదిలితే తప్ప ఆటగాడు జీవితాంతం ఆ టీమ్‌కే. 1974లో క్యాట్‌ఫిష్ హంటర్ అనే పిచ్చర్ కాంట్రాక్ట్‌లో ఒక షరతు ఉంది, జీతంలో సగం, 50,000 డాలర్లు, ఒక యాన్యుటీలో, అంటే తర్వాత విడతలుగా డబ్బు వచ్చే పథకంలో, కట్టాలి అని. ఓక్లాండ్ ఓనర్ చార్లీ ఫిన్లీ అది కట్టలేదు. మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఆ కాంట్రాక్ట్ చెల్లదన్నాడు. అంతే, ఆ డిసెంబర్‌లో టీమ్‌ల ప్రతినిధులు ఒకరి తర్వాత ఒకరు నార్త్ కరోలినాలో అహాస్కీ అనే చిన్న ఊరికి, హంటర్ లాయర్ల ఆఫీసుకి క్యూ కట్టారు. లక్ష డాలర్ల జీతం వాడికి మిలియన్లలో ఆఫర్లు. డిసెంబర్ 31న న్యూయార్క్ యాంకీస్‌తో 5 ఏళ్లకి సంతకం పెట్టాడు. ఇక్కడ నాకు బాగా నచ్చే సంగతి ఏంటంటే అతనికి శాన్ డియేగో నుంచీ కాన్సాస్ సిటీ నుంచీ అంతకన్నా పెద్ద ఆఫర్లే ఉన్నాయి, అయినా యాంకీస్‌కి వెళ్లాడు, తనని స్కూల్ రోజుల నుంచీ ఎరిగిన స్కౌట్ (ఆటగాళ్లని చూసి అంచనా వేసే మనిషి) క్లైడ్ క్లట్జ్ అప్పుడు యాంకీస్‌లో ఉన్నాడు. ఎక్కువ డబ్బు రాసినవాడికే ఆటగాడు వస్తాడని అనుకుంటే మొదటి ఫ్రీ ఏజెంట్ దగ్గరే ఆ లెక్క తప్పింది.

సరే, ఆన్‌లైన్ లీగ్‌లలో బిడ్డింగ్ నేను చూసినంతలో మూడు రకాలు.

ఒకటి, గేమ్‌కే వదిలేయడం. ఎక్స్‌పోర్ట్‌లో ఆఫర్ పెడతాం, ఆటగాడు కొన్ని రోజులు ఆలోచించి తనకి నచ్చినదానికి ఒప్పుకుంటాడు. రెండోది బహిరంగ పాట, ఒకరు రేటు చెప్తారు, దాని మీద 24 గంటలో 48 గంటలో ఎవరూ పెంచకపోతే అతనికే. మనూళ్లో చీటీ పాటలాగా, ఎవరెంత ఆశపడుతున్నారో మొహాలు చూస్తే తెలిసిపోతుంది, ఇక్కడ మొహాలకి బదులు ఎంత త్వరగా పెంచారన్నది చూసుకోవాలి. మూడోది మూసిన కవర్, అందరూ తమ నంబర్ కమిషనర్‌కి రహస్యంగా పంపిస్తారు, ఒకేసారి తెరుస్తాడు. మా లీగ్‌లో పెద్ద ఆటగాళ్లకి ఇదే, మిగిలినవాళ్లందరికీ మొదటి పద్ధతి.

బహిరంగ పాటలో ఒక సుఖం ఉంది, అది కవర్‌లో ఉండదు. అక్కడ రెండోవాడు ఎక్కడ ఆగాడో దాని మీద ఒక మెట్టు ఎక్కితే చాలు. కవర్‌లో రెండోవాడు ఎక్కడున్నాడో మనకి కనపడదు, కాబట్టి ఆటగాడి విలువ ఎంత అనే ప్రశ్న కన్నా పక్కవాడు ఎంత రాస్తాడో అనే భయం పెద్దదైపోతుంది. నేను 24 రాసింది ఆ భయంతోనే. ఆ పిచ్చర్ 24 విలువ చేస్తాడని నేను ఒక్క క్షణం కూడా నమ్మలేదు, ఫలానా జీఎం 22 రాస్తాడేమో అని రాశాను, ఆ ఫలానా జీఎం అసలు బిడ్డే వెయ్యలేదు.

పెద్ద పెద్ద టీమ్‌లకే ఇది జరిగింది. జపాన్ నుంచి వచ్చే ఆటగాళ్లకి ఒకప్పుడు పోస్టింగ్ అని మూసిన బిడ్ పద్ధతి ఉండేది, ఆటగాడితో మాట్లాడే హక్కు కోసమే టీమ్‌లు రహస్యంగా రేటు రాయాలి, ఆ డబ్బు జపాన్ క్లబ్‌కి పోతుంది, ఆటగాడి జీతం మళ్లీ వేరే. 2000లో ఇచిరో అనే బ్యాటర్ కోసం సియాటిల్ టీమ్ రాసింది 13.125 మిలియన్లు. 2006లో దైసుకే మత్సుజాకా అనే పిచ్చర్ కోసం బోస్టన్ రెడ్ సాక్స్ రాసిన నంబర్ చూడండి, 5,11,11,111 డాలర్ల 11 సెంట్లు. రెండో బిడ్ 40 మిలియన్ల లోపే అని అప్పటి పత్రికలు రాశాయి. ఆ పైన 6 ఏళ్ల జీతం 52 మిలియన్లు. మొదటి రెండేళ్లు బాగా ఆడాడు, 2007లో టీమ్‌తో లీగ్ ఫైనల్ వరల్డ్ సిరీస్ కూడా గెలిచాడు, 2008లో 18 మ్యాచ్‌లు గెలిచి మూడే ఓడాడు, తర్వాత గాయాలు, మిగతా నాలుగేళ్లు కలిపి గెలిచింది 17. ఇక దార్విష్ కోసం 2011 డిసెంబర్‌లో రేంజర్స్ రాసింది 5,17,03,411. చివర 3411 చూశారా, అప్పుడు రేంజర్స్‌ని నడిపిన నోలన్ రయాన్ జెర్సీ నంబర్ 34, దార్విష్‌ది 11. నాకు ఆ నంబర్ అంటే ప్రేమ, అంత డబ్బు రాసే చోట కూడా మనిషి తన గుర్తు ఒకటి వదిలాడు కదా. నేనూ అప్పట్నుంచీ నా బిడ్లలో చివర మా అమ్మాయి పుట్టినరోజు తేదీ పెడతాను. దానికో ఉపయోగం కూడా ఉంది, అందరూ 15, 16 అని రౌండ్‌గా రాస్తారు కాబట్టి 16.09 రాస్తే 16 రాసినవాడి మీద నెగ్గుతాం. 2013 చివర్లో ఆ పోస్టింగ్ పద్ధతి మార్చేశారు, క్లబ్‌కి ఇచ్చే ఫీజుకి 20 మిలియన్ల పరిమితి పెట్టి, అంత కట్టడానికి సిద్ధమైన ఏ టీమ్ అయినా ఆటగాడితో మాట్లాడొచ్చు అన్నారు. వెంటనే 2014 జనవరిలో జపాన్ పిచ్చర్ తనాకాకి యాంకీస్ 7 ఏళ్లకి 155 మిలియన్లు ఇచ్చారు. రూల్ ఎలా రాస్తే డబ్బు అటు పోతుంది, అంతకుముందు క్లబ్‌కి పోయేది ఇప్పుడు ఆటగాడికి వచ్చింది.

మనవాళ్లకి తెలిసిన ఉదాహరణ ఒకటి ఐపీఎల్‌లోనే ఉంది. 2012 వేలంలో రవీంద్ర జడేజా కోసం మన హైదరాబాద్ డెక్కన్ చార్జర్స్, చెన్నై ఇద్దరూ 2 మిలియన్ డాలర్ల దగ్గర సమానంగా ఆగిపోయారు, అక్కడ టై బ్రేకర్ కోసం మూసిన కవర్ ఇచ్చారు, చెన్నై గెలిచింది. ఆ కవర్‌లో ఎంత రాశారో బయటికి చెప్పలేదు. డెక్కన్ చార్జర్స్ అభిమానిగా ఆ రోజు బాధపడ్డాను, ఇప్పుడు మాత్రం ఆ రెండు కవర్లలో ఏమేం నంబర్లు ఉన్నాయో చూడాలని చాలా కోరిక.

మా నాన్నతో ఫోన్లో ఈ పిచ్చర్ సంగతి చెప్పాను. మాది టంగుటూరు వైపు, నాన్న నలభై ఏళ్లు పొగాకు వేసి వేలం కేంద్రానికి బేళ్లు తోలినాయన, బేస్‌బాల్ ఏంటో తెలియదు కానీ వేలం అంటే అరచేతిలో గీతలా తెలుసు. అంతా విని, "ఒరేయ్ అబ్బాయ్, బయ్యర్ బేలు ఇప్పి ఆకు చేత్తో నలిపి చూసి గానీ రేటు చెప్పడు, నువ్వు సరుకు చూసేవా పక్కోడి మొహం చూసేవా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. అప్పుడే ఇంకో మాట చెప్పారు, మంచి ఆకు కోసం బయ్యర్లు కొట్టుకునే రోజున మధ్యరకం బేళ్లు సగం ఎవరూ రేటు చెప్పక నో బిడ్ అయిపోతాయి, రైతు వాటిని ఇంటికి తోలుకుని పోయి మళ్లీ తేవాలి, రెండోసారి వచ్చినప్పుడు రేటు దిగే ఉంటుంది అని. నో బిడ్ అనే మాట చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో, ఆ మాట విన్న రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు. మా లీగ్‌లో మొదటి వారం అయ్యాక ఎవరూ పట్టించుకోని ఆటగాళ్ల లిస్టు చూస్తే ఇప్పుడు నాకు ఆ బేళ్లే గుర్తొస్తాయి.

సరుకు చూడటం అనేది ఈ గేమ్‌లో పెద్ద సంగతి. ఓఓటీపీలో ఆటగాడి రేటింగ్ 20 నుంచి 80 దాకా చూపించుకోవచ్చు, కానీ మనకి కనపడేది నిజమైన రేటింగ్ కాదు, మన స్కౌట్ వేసిన అంచనా. నా స్కౌట్ 65 అంటే పక్క టీమ్ స్కౌట్ 55 అనొచ్చు. ఇప్పుడు లెక్క చూడండి. ఒక ఆటగాడి అసలు విలువ ఏడాదికి 18 అనుకుందాం, ఆరుగురు జీఎంలు ఆరు అంచనాలు వేశారు, 13, 15, 17, 19, 20, 24. సగటు తీస్తే 18 వస్తుంది, అందరూ కలిసి చూస్తే సరిగ్గానే చూశారు. కానీ ఆటగాడు ఎవరికి పోతాడు? 24 అని పొరబడ్డవాడికి. ఎక్కువ పొరబడ్డవాడే గెలుస్తాడు, ప్రతిసారీ. 1971లో ఒక చమురు కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు సముద్రంలో చమురు లీజుల వేలాల గురించి ఇదే రాశారు, 1980లో ఇద్దరు ఆర్థికవేత్తలు బేస్‌బాల్ ఫ్రీ ఏజెంట్ల విషయంలో కూడా ఇదే జరుగుతోందని చూపించారు. నాకు ఇది అర్థమైన రోజున నా పాత బిడ్లన్నీ తీసి చూసుకున్నా, కవర్ పద్ధతిలో నాకు వచ్చిన 9 మందిలో 7 మంది మా స్కౌట్ చెప్పినదానికన్నా తక్కువే ఆడారు. స్కౌట్ చెడ్డవాడని కాదు, అతను ఎక్కువ చెప్పిన చోటే నేను గెలుస్తున్నాను, తక్కువ చెప్పిన చోట వేరేవాళ్లు గెలుస్తున్నారు, అంతే తేడా.

అందుకే ఇప్పుడు నేను స్కౌట్ రేటింగ్ ఒక్కటే చూడను, గత మూడేళ్లు మైదానంలో ఏం చేశాడో చూస్తాను, స్ట్రైక్అవుట్లు (బ్యాటర్‌ని బంతి తగలనివ్వకుండా అవుట్ చేసినవి) ఎన్ని, వాక్‌లు (సరైన బంతులు వెయ్యక బ్యాటర్‌కి ఊరికే బేస్ ఇచ్చినవి) ఎన్ని, ఎన్ని ఇన్నింగ్స్ వేశాడు, ఎందుకంటే ఆ అంకెలు అందరికీ ఒకటే, స్కౌట్‌ని బట్టి మారవు. వయసు చూస్తాను. గాయాల లక్షణం తప్పకుండా చూస్తాను, గేమ్ ఫ్రాజైల్, అంటే సులువుగా గాయపడతాడు, అని చెప్తున్నా సరే ఒక మంచి సీజన్ చూసి డబ్బు పోసేవాళ్లు ఉన్నారు, నేనే పోశాను. నిజం లీగ్‌లో కార్లోస్ కొరియా అనే ఆటగాడి కథ గుర్తుందా, 2022 డిసెంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కో 13 ఏళ్లకి 350 మిలియన్లు ఒప్పుకుంది, వైద్య పరీక్షలో కాలు చూసి ఆగిపోయింది, తర్వాత న్యూయార్క్ మెట్స్ 12 ఏళ్లకి 315, వాళ్లూ ఆగారు, చివరికి మినసోటాకి 6 ఏళ్లకి 200. మనకి గేమ్‌లో వైద్య పరీక్ష ఉచితంగా ముందే కనపడుతుంటే చూడకపోవడం మన తప్పే.

ఇక కాంట్రాక్ట్ ఆకారం. కొత్తగా వచ్చిన జీఎంలు మొత్తం డబ్బు ఒక్కటే చూస్తారు. 100 మిలియన్లు 4 ఏళ్లకా 7 ఏళ్లకా అన్నది, ఏ ఏడాది ఎంత అన్నది అసలు సంగతి. మా లీగ్‌లో కవర్ బిడ్లని పోల్చడానికి పాయింట్ల లెక్క ఉంది, మొదటి ఏడాది డబ్బుకి పూర్తి విలువ, తర్వాత ఏడాదికేడాది పది శాతం కోత. అంటే మొదటి ఏడాది 20 రాస్తే 20 పాయింట్లు, నాలుగో ఏడాది 20 రాస్తే 14 మాత్రమే. చివరి ఏళ్లలో ఎక్కువ పెట్టి ఇప్పుడు తక్కువ ఇద్దామనుకునేవాళ్లకి ఈ లెక్క అడ్డం పడుతుంది, నా దృష్టిలో మా కమిషనర్ పెట్టిన రూల్స్‌లో ఇదే మంచిది. రేపిచ్చే రూపాయి ఇవాళ్టి రూపాయి కాదు కదా. జపాన్ స్టార్ ఓహ్తానీకి 2023 డిసెంబర్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఇచ్చింది 10 ఏళ్లకి 700 మిలియన్లు, కానీ అందులో 680 తర్వాత ఇస్తారు, ఆడినన్ని రోజులూ ఏడాదికి 2 మిలియన్లే, మిగతాది 2034 నుంచి 2043 దాకా. అందుకే జీతాలు మరీ పెరిగితే టీమ్‌లు లీగ్‌కి కట్టే పన్ను లెక్కలో ఏడాదికి 70 కాకుండా సుమారు 46 మిలియన్ల కింద లెక్కేశారు. బాబీ బోనిల్లా అనే ఆటగాడికి మెట్స్ ఇవ్వాల్సిన 5.9 మిలియన్లు వెంటనే ఇవ్వకుండా 8 శాతం వడ్డీతో వాయిదా వేసి, 2011 నుంచి 2035 దాకా ప్రతి జూలై 1న 11,93,248 డాలర్ల 20 సెంట్లు కడుతున్నారు. మా లీగ్‌లో ఒక టీమ్ తీసుకున్న కొత్త జీఎం, పాతాయన రాసి వెళ్లిపోయిన చివరి ఏళ్ల బరువు మోస్తూ రెండు సీజన్లు కిందే ఉండిపోయాడు, పాపం మంచి ఆటగాడు, అతని తప్పు ఏమీ లేదు.

ఆప్షన్లు కూడా డబ్బే. చివరి ఏడాది ఉంచుకోవాలా వద్దా అన్నది టీమ్ చేతిలో ఉంటే టీమ్ ఆప్షన్, అది మనకి లాభం. ఆటగాడి చేతిలో ఉంటే ప్లేయర్ ఆప్షన్, మధ్యలోనే కాంట్రాక్ట్ వదిలి బయటికి పోయే హక్కు ఆప్ట్-అవుట్, ఈ రెండూ అతనికి లాభం. రేటు పెంచలేని రోజున ఆప్ట్-అవుట్ ఇచ్చి చూడండి, చాలాసార్లు పనిచేస్తుంది. బ్లేక్ స్నెల్ 2023లో ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచి కూడా శీతాకాలమంతా సరైన ఆఫర్ రాక 2024 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కోతో 2 ఏళ్లకి 62 మిలియన్లకి ఒప్పుకున్నాడు, కానీ ఒక ఏడాది తర్వాత బయటికి పోవచ్చు అనే షరతుతో. పోయాడు, అదే ఏడాది నవంబర్‌లో డాడ్జర్స్ 5 ఏళ్లకి 182 ఇచ్చారు. ఇది ఆటగాడి వైపు నుంచి అద్భుతమైన కాంట్రాక్ట్, జీఎం వైపు నుంచి చూసినా ఒక ఏడాదికి మంచి పిచ్చర్ దొరికాడు.

ఎదురుచూడటం అనేది గేమ్‌లో ఇంకా బాగా పనిచేస్తుంది. గేమ్‌కి వదిలేసిన ఆటగాళ్ల డిమాండ్ నవంబర్‌లో ఆకాశంలో ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ దిగుతుంది, ఫిబ్రవరి కల్లా 9 అడిగినవాడు 3కి వస్తాడు. ఇవే నో బిడ్ బేళ్లు. నా టీమ్‌లో పోయిన సీజన్ బాగా ఆడిన ముగ్గురు ఇలా స్ప్రింగ్‌లో వచ్చినవాళ్లే, ముగ్గురి జీతం కలిపి ఆ ఎడమచేతి పిచ్చర్ జీతంలో సగం కూడా లేదు.

ఆటగాడి స్వభావం కూడా చూసుకోండి. డబ్బాశ, విధేయత, గెలవాలనే కోరిక అని గేమ్‌లో విడివిడిగా ఉంటాయి. డబ్బాశ తక్కువ, గెలవాలనే కోరిక ఎక్కువ ఉన్నవాడు ఓడిపోయే టీమ్‌కి ఎక్కువ డబ్బిచ్చినా సులువుగా రాడు, అలాంటివాడి కోసం కింద ఉన్న టీమ్ జీఎం సీజన్లు సీజన్లు ప్రయత్నిస్తుంటే చూడటానికి బాధేస్తుంది. హంటర్ కథ గుర్తుచేసుకోండి.

ఒక్క విషయంలో మాత్రం నేను చాలా గట్టిగా ఉంటాను. బిడ్ ముందు ఇంకో జీఎంతో "నువ్వు అతని జోలికి రాకు, నేను ఇతని జోలికి రాను" అని మాట్లాడుకోవడం. మా లీగ్‌లో ఇది నిషేధం, ఉండాలి కూడా. 1985 నుంచి 1987 దాకా నిజం ఓనర్లు ఇలాగే చేతులు కలిపి ఒకరి ఫ్రీ ఏజెంట్లకి ఒకరు ఆఫర్లివ్వకుండా కూర్చున్నారు, ఆటగాళ్ల సంఘం పోరాడి గెలిచింది, 1990లో ఓనర్లు 280 మిలియన్లు కట్టి తెంచుకున్నారు. మా ఆటలో డబ్బు నిజం కాదు కాబట్టి ఫర్వాలేదు అని ఒకాయన నాతో వాదించాడు. డబ్బు నిజం కాదు, కానీ పద్నాలుగు సీజన్లుగా వారానికి మూడు రాత్రులు కూర్చుని టీమ్ కట్టుకుంటున్న 24 మంది నిజం.

ఆ పిచ్చర్ సంగతి చెప్పలేదు కదా. మొదటి సీజన్ ఆగస్టులో మోచేయి పోయింది, సర్జరీ, 13 నెలలు. ఇంకా మూడేళ్ల పైన డబ్బు ఉంది. అమ్ముదామంటే ఎవరూ తీసుకోవట్లేదు, జీతంలో సగం నేను కడతానన్నా కూడా.

ఈ గురువారం రాత్రి మళ్లీ కవర్లు తెరుస్తారు. నాకు షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్, కావాలి, లిస్టులో ఒకడు ఉన్నాడు, 27 ఏళ్లు, గాయాలు లేవు, మూడేళ్ల అంకెలు నిలకడగా ఉన్నాయి, నా స్కౌట్ 60 అంటున్నాడు కాబట్టి 55 అనుకుని లెక్కేశాను. ఆదివారం పొద్దున్నే, ఇంకా ఎవరితోనూ మాట్లాడకముందే, ఒక కాగితం మీద 14.09, 4 ఏళ్లు అని రాసి మానిటర్ పక్కన అంటించాను. నిన్న రాత్రి ఒక జీఎం "షార్ట్‌స్టాప్ కోసం ఈసారి ఎంతైనా పెడతా" అని గ్రూపులో రాశాడు. కాగితం మార్చలేదు, ఎక్స్‌పోర్ట్ పంపించేశాను.